డోరిస్ లెస్సింగ్ ఆత్మకథ ‘అండర్ మై స్కిన్’: చదివేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

మా చదువరుల బృందంలో ఈ పుస్తకం ఇప్పటికి చాలా చేతులు మారింది. ఎవరు చదివినా సగం దాకా వచ్చేసరికి అవే సందేహాలతో ఫోన్ చేస్తున్నారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## పుస్తకం చేతిలోకి తీసుకునే ముందు

అసలు ఇది దేని గురించి? రెండు ముక్కల్లో చెప్పండి.

డోరిస్ లెస్సింగ్ 2007లో సాహిత్య నోబెల్ అందుకున్న రచయిత్రి. 1919లో పుట్టిన దగ్గర్నుంచి 1949లో లండన్ చేరే దాకా, తన మొదటి 30 ఏళ్ల కథను ఇందులో చెప్పింది. అందులో ఎక్కువ భాగం దక్షిణ రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో గడిచింది. బ్రిటిష్ పాలన నీడలో భూమి తీసుకుని సాగుకు దిగిన ఒక తెల్ల కుటుంబం, ఆ ఇంట్లో పుట్టి ఆ ఇంటికే ఎదురుతిరిగిన కూతురు. పుస్తకం 1994లో వచ్చింది.

‘సెటిలర్ కుటుంబం’ అంటున్నారు. మన దగ్గర సెటిలర్లు అంటాం కదా, అలాంటిదేనా?

మాట ఒకటే, సంగతి వేరు. నిజాంసాగర్ కింద భూములు కొనుక్కుని వచ్చిన కోస్తా రైతుల్ని, తుంగభద్ర కింద ‘క్యాంపులు’ కట్టుకుని కర్ణాటకలో స్థిరపడిన తెలుగువాళ్లని మనం సెటిలర్లు అంటాం. అక్కడ యాస గొడవలుంటాయి, పొలం గొడవలుంటాయి, రాజకీయాలూ ఉంటాయి. కానీ ఇవాళ స్థానికుడికీ వచ్చినవాడికీ ఉన్నది ఒకే చట్టం, ఒకే ఓటు. రొడీషియాలో అలా కాదు. ఎవరు ఎక్కడ భూమి కొనొచ్చో, ఎవరు ఏ వీధిలో ఉండొచ్చో, రాత్రి పూట బయట తిరగడానికి ఎవరి జేబులో చీటీ ఉండాలో ఒంటి రంగును బట్టి చట్టమే తేల్చేసింది.

ఒక్క మాట మాత్రం రెండు చోట్లా వినిపిస్తుంది. ‘మేమొచ్చేసరికి ఇక్కడ అడవి తప్ప ఏమీ లేదు, మేమే బాగు చేశాం.’ లెస్సింగ్ ఇంటి చుట్టుపక్కల ప్రతి తెల్ల రైతూ నమ్మిన మాట అదే.

ముందు ఆవిడ నవలలు చదవాలా, నేరుగా ఇదే మొదలుపెట్టొచ్చా?

నేరుగా మొదలుపెట్టండి, ఇబ్బందేమీ లేదు. కాస్త రుచి చూసి దిగుదాం అనుకుంటే 1950లో వచ్చిన మొదటి నవల ‘ద గ్రాస్ ఈజ్ సింగింగ్’ చాలు, చిన్నది. రొడీషియాలో ఒక పేద తెల్ల రైతు భార్య హత్యతో మొదలై వెనక్కి నడుస్తుంది. 1952 నాటి ‘మార్తా క్వెస్ట్’ను మాత్రం ఆత్మకథ అయ్యాకే చదవమంటాను. రెండూ ఒకే జీవితంలోంచి వచ్చినవి. ముందు నవల చదివితే ఆత్మకథలో మార్తా కోసం వెతుక్కోవడమే సరిపోతుంది.

ఇంగ్లిష్ కష్టంగా ఉంటుందా?

ఇంగ్లిష్ తేలికే, పేజీలే ఎక్కువ. 400 దాటతాయి. మొదట్లో తాతముత్తాతల వివరాలు వస్తాయి, విసుగేస్తే తిరగేసేయండి, తప్పులేదు. అక్కడి రైతుల మాటలు కొన్ని వస్తాయి. కొప్యే అంటే చిన్న రాళ్ల గుట్ట. వెల్డ్ అంటే చెట్లు పలచగా ఉండే గడ్డి నేల. వ్లే అంటే వానాకాలంలో నీరు నిలిచే పల్లం. మీలీ అంటే మొక్కజొన్న. ఈ నాలుగూ తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఆ పేరేమిటి?

1930లలో రేడియోల్లో, డాన్సు హాళ్లలో మోగిన ఒక అమెరికన్ ప్రేమ పాటలోంచి తీసుకున్న మాట. ‘నా చర్మం కింద’ అని అర్థం. చర్మం రంగే తలరాత అయిన దేశంలో పెరిగిన మనిషి ఆ పేరు ఊరికే పెట్టుకోదు కదా.

## కుటుంబం, ప్రయాణం

ఇంగ్లిష్‌వాళ్లు కదా, లెస్సింగ్ పర్షియాలో (ఇప్పటి ఇరాన్‌లో) పుట్టడమేమిటి?

తండ్రి ఆల్ఫ్రెడ్ టేలర్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. దెబ్బ తగిలిన కొద్ది రోజులకే పాసెన్‌డేల్ యుద్ధంలో అతని దళంలోవాళ్లంతా చనిపోయారు. కాలు పోయింది కాబట్టి ప్రాణం దక్కింది. లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో అతనికి సేవ చేసిన నర్సు ఎమిలీ మాడ్ మెక్‌వే. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఇంగ్లండ్‌లో ఉండబుద్ధి కాక అతను ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ పర్షియాలో ఉద్యోగం వేయించుకుని కెర్మాన్‌షా వెళ్లాడు. 1919 అక్టోబరు 22న డోరిస్ అక్కడే పుట్టింది. తల్లి కొడుకు పుడతాడనుకుంది, ఆడపిల్ల పేరు ఆలోచించి పెట్టుకోలేదు. ‘డోరిస్’ అని సూచించింది పురుడు పోసిన డాక్టరట. ఈ సంగతి లెస్సింగ్ 70 ఏళ్లు దాటాక కూడా మర్చిపోలేదు.

రష్యా మీదుగా రైలు ప్రయాణం అంత భయంకరంగా జరిగిందా, కల్పించిందా?

జరిగింది. 1924లో పర్షియా వదిలి సెలవు మీద ఇంగ్లండ్ వెళ్తూ, సముద్రం మీద ఎండ పడదని తల్లి రష్యా దారి పట్టించింది. విప్లవం, అంతర్యుద్ధం, కరువు అన్నీ అయిన దేశం. కాస్పియన్ సముద్రం చమురు ఓడలో దాటారు, ఒంటి నిండా పేలు. ఆ తర్వాత రోజుల తరబడి రైలు. స్టేషన్లలో చింకి బట్టల పిల్లలు చేతులు చాస్తుండేవారు. ఒకచోట తిండి కొనడానికి దిగిన తల్లిని వదిలేసి రైలు కదిలిపోయింది.

ఐదేళ్లు కూడా నిండని పిల్లకు ఇంత వివరంగా గుర్తుంటుందా అని అడుగుతారు. ఇంట్లో పెద్దవాళ్లు వందసార్లు చెప్పిన కథ ఏది, తను కళ్లారా చూసింది ఏది అని ఆమే విడదీసి చెబుతూ పోతుంది. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన అలవాటు అది.

బ్యాంకు ఉద్యోగం వదిలి ఆఫ్రికాకు ఎందుకు వెళ్లారు?

1924లో లండన్ దగ్గర వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన పెట్టారు. ఒక్కో వలస దేశానికి ఒక్కో స్టాల్. దక్షిణ రొడీషియా స్టాల్లో మొక్కజొన్న కంకులు పేర్చి, నాలుగైదేళ్లు సాగు చేస్తే చాలు ధనవంతులవుతారని ఊరించారు. తండ్రి పడిపోయాడు. అప్పుడు రైతులుగా రమ్మని తెల్లవాళ్లను పిలవడం ప్రభుత్వ విధానం. తెల్ల జనాభా పెరిగితేనే ఆ దేశం మీద పట్టు నిలుస్తుందన్నది లెక్క. 1925లో టేలర్ కుటుంబం అక్కడ దిగింది.

వీళ్లు డబ్బున్న దొరలేనా?

కాదు, పేద దొరలు. ఈ సంగతి తలకెక్కితేగానీ పుస్తకం అర్థం కాదు.

సాలిస్‌బరీకి (ఇప్పటి హరారే) వాయవ్యంగా లొమగుండి జిల్లాలో, బాంకెట్ అనే చిన్న స్టేషన్ దగ్గర వెయ్యి ఎకరాలకు పైగా నేల, ల్యాండ్ బ్యాంకు అప్పు మీద. వాళ్లు వచ్చాక మొక్కజొన్న ధర పడిపోయింది, ఆ పైన 1930ల మాంద్యం. తండ్రికి చక్కెర జబ్బు వచ్చింది. సాగు మీద ఆశ పోయి, పుల్ల పట్టుకుని బంగారం జాడ వెతకడం మొదలుపెట్టాడు. ఒంటికాలి మనిషి గనుల గోతుల్లోకి దిగేవాడు.

తల్లి మాత్రం లండన్ నుంచి పియానో, పర్షియన్ తివాచీలు, పెద్దింటి విందులకు కట్టుకునే గౌన్లు తెచ్చుకుంది. వాటిని కట్టుకుని వెళ్లే విందు ఏదీ రాలేదు. పెట్టెలోనే మగ్గాయి. కిటికీలకు పిండి సంచుల గుడ్డతో తెరలు, కిరసనాయిలు డబ్బాలొచ్చే చెక్కపెట్టెలతో బీరువాలు.

ఇంత లేమిలోనూ వంటకు ఒకడు, ఇంటి పనికి ఒకడు, పొలంలో కూలీలు. వాళ్ల జీతం ఎంత తక్కువంటే, దివాలా తీసిన తెల్లవాడు కూడా నౌకర్లను పెట్టుకోగలిగాడు. వలస ఏలుబడిలో పేదరికం అంటే అదీ.

## గుట్ట మీద ఇల్లు, ఆ నేల

ఆ ఇంటి గురించి అన్ని పేజీలు ఎందుకు?

ఆమె జీవితమంతా కలలో వచ్చిన ఇల్లు కాబట్టి. మనకు తెలియని ఇల్లేమీ కాదు. గుంజలు పాతి, మధ్యలో మట్టి మెత్తి, పైన గడ్డి కప్పిన ఇల్లు. గోడకు శ్రేష్ఠమైనది పుట్టమన్ను. నేల పేడతో కలిపి చదును చేసినది, దాని మీద లినోలియం పరిచారు. వానకు చూరు కారేది, గోడల్లోకి చెదలు ఎక్కేవి. రెండు మూడేళ్లు నిలిస్తే చాలు, డబ్బొచ్చాక మంచిది కట్టుకుందాం అనుకున్నారు. సుమారు 20 ఏళ్లు అందులోనే ఉన్నారు.

పుట్టమన్ను, పేడ, గడ్డి. చుట్టుపక్కల ఆఫ్రికన్ల ఇళ్లు కట్టినది కూడా వాటితోనే. కట్టిన చేతులూ ఆఫ్రికన్లవే. లోపల మాత్రం పియానో మీద షోపెన్ అనే యూరప్ స్వరకర్త సంగీతం. పరాయి నేల మీద అచ్చం ఇంగ్లండ్‌ను నిలబెట్టాలనే పట్టుదల, కింద నుంచి దాన్ని తింటున్న చెదలు. ఆ ఒక్క గది చాలు, ఆ సమాజం మొత్తం కనబడుతుంది.

భూమి డబ్బిచ్చి కొనుక్కున్నారు కదా? ఆక్రమణ ఎలా అవుతుంది?

మా బృందంలో ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. టేలర్ కుటుంబం అప్పు చేసి కొన్నది, నిజమే. అమ్మినవాడికి ఆ హక్కు ఎక్కడిది అన్నది ప్రశ్న.

1890లో సెసిల్ రోడ్స్ కంపెనీ, అంటే బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ, ఆయుధాలతో బండ్ల వరస నడిపించి ఈ నేలలోకి వచ్చింది. వచ్చినవాళ్లకు వేల ఎకరాల పొలాలు పంచిపెట్టింది. 1896, 97లో షోనా, ఎన్‌దెబెలె ప్రజలు తిరగబడితే అణిచేశారు. తర్వాత ఎవరికీ ఇవ్వకుండా మిగిలిన భూమి ఎవరిదని లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే వలస దేశాల కేసులకు ఆఖరి కోర్టు దాకా, కేసు నడిచింది. 1918 తీర్పు ప్రకారం అది కంపెనీదీ కాదు, అక్కడ తరతరాలుగా బతుకుతున్నవాళ్లదీ కాదు, బ్రిటిష్ రాజుగారిది. 1930లో భూమి పంపకం చట్టం చేశారు. సుమారు 50 వేల మంది తెల్లవాళ్లకు దేశంలో సగం నేల, 10 లక్షలు దాటిన ఆఫ్రికన్లకు మూడో వంతు కంటే తక్కువ.

మన ఏజెన్సీ ప్రాంతంలో 1970 నాటి ఒకటి ఆఫ్ డెబ్బై చట్టం గురించి తెలిసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. చేతిలో కాగితం ఉండటం ఒకటి, ఆ కాగితం పుట్టిన తీరు ఇంకొకటి. అక్కడ చట్టం తిరగబడి ఉంది, అంతే తేడా. ఇక్కడ గిరిజనుడి భూమి కాపాడటానికి గీత గీశారు, అక్కడ తీసుకోవడానికి గీశారు.

పనివాళ్లు అక్కడెందుకు పని చేశారు? సొంత పొలాలు లేవా?

ఉన్నాయి, పోయాయి. పైగా 1894 నుంచి గుడిసె పన్ను. పన్ను డబ్బు రూపంలోనే కట్టాలి, డబ్బు కావాలంటే తెల్లవాడి పొలంలోనో గనిలోనో చేరాలి. చాలామంది పక్కనున్న న్యాసాలాండ్ (ఇప్పటి మలావి) నుంచి వందల మైళ్లు నడిచి వచ్చేవాళ్లు.

వంటవాడి గురించి, కూలీల గురించి ఇంత తక్కువ రాసిందేం? జాత్యహంకారమా?

నాకు ఈ పుస్తకంలో లోటుగా కనిపించేది అదే. తల్లి పట్టు గౌన్ల రంగులు గుర్తున్నాయి. ప్రతి ఉదయం టీ తెచ్చిపెట్టిన మనిషికి భార్య ఎక్కడుందో, పిల్లలెందరో పేజీల్లో దొరకదు.

కానీ దాచిపెట్టిందని అనలేను. ఆ పిల్లకు నిజంగా తెలియదు. కూలీల గుడిసెల వైపు వెళ్లకూడదని, వాళ్ల భాష నేర్చుకోకూడదని పెంచారు. యజమానులు మాట్లాడింది ‘కిచెన్ కాఫిర్’ అని పిలిచిన ఒక సంకర భాష. అందులో ఆజ్ఞలు తప్ప సంభాషణ సాగదు. ముసలి వయసులో కూర్చుని, తెలియని మనసులను తెలిసినట్టు రాసి ఉంటే అది ఇంకో రకం ఆక్రమణ అయ్యేది. అలా రాయకుండా ఖాళీని ఖాళీగానే వదిలింది. ఆ ఖాళీ దగ్గర ఆగి చదవాలి.

ఆనాటి అవమానకరమైన పిలుపులు కూడా పుస్తకంలో యథాతథంగా వస్తాయి. మెత్తబరిచి రాసి ఉంటే అబద్ధమయ్యేది.

ఆ నేలంటే అంత ప్రేమ కురిపిస్తుందే, తనది కాని నేల మీద ఆ ప్రేమ దొంగ ప్రేమ కాదా?

ప్రేమ నిజం, దొంగతనమూ నిజం. ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు.

తుపాకీ భుజాన వేసుకుని పొద్దున్నే అడవిలోకి వెళ్లి గిన్నెకోళ్లు కొట్టి తెచ్చే పిల్ల. తొలి వాన పడ్డాక లేచే మట్టి వాసన, గడ్డి తగలబడే కాలంలో రాత్రిపూట గుట్టల మీద పాకే మంట, ఉరుము. ఇవి రాసేటప్పుడు ఆవిడ వాక్యం మారిపోతుంది. పుస్తకంలో మంచి పేజీలంటే నేను ఇవే చూపిస్తాను. అంత విశాలమైన చోట అంత స్వేచ్ఛగా ఒక ఆడపిల్ల తిరగగలిగిందంటే, అక్కడి మనుషుల్ని ముందే తరిమేశారు కాబట్టి. ఖాళీ అడవి దానంతటది ఖాళీ అవలేదు. లెస్సింగ్‌కు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ సంతోషాన్ని తగ్గించి రాయదు, క్షమాపణ చెప్పుకోదు. కొందరు పాఠకులకు అదే గుచ్చుకుంటుంది. నాకు మాత్రం ఏడుస్తూ రాసి ఉంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

## అమ్మ

కన్నతల్లి గురించి అలా రాయొచ్చా? చదువుతుంటే ఒళ్లు మండింది.

మా అత్తయ్య సగంలో పుస్తకం మూసేసింది ఇందుకే. మన ఆత్మకథల్లో అమ్మ దేవత. ఇక్కడ అమ్మ మీద కూతురి కోపం మొదటి అధ్యాయంలోనే మొదలై ఆగదు. కొడుకు మీద కురిసిన ముద్దు తన మీద కురవలేదని, తన ఒంటిని, బట్టల్ని, చదువుని, ఆలోచనని తల్లి అనుక్షణం పట్టి చూసేదని చెబుతుంది.

కానీ అదే పుస్తకం ఆ తల్లి ఎవరో కూడా చెబుతుంది. కాలేజీకి వెళ్లమన్న తండ్రి మాట కాదని నర్సు అయిన పిల్ల. ఆ కోపంతో తండ్రి కూతురే కాదన్నాడు. ఆసుపత్రిలో పెద్ద హోదా దాకా ఎదిగింది. అన్నీ వదులుకుని ఈ గుట్ట మీదికి వచ్చింది. వచ్చిన మొదటి ఏడాది మంచం పట్టింది, గుండె జబ్బు అంది. గుండెకేమీ కాలేదని, అది బతుకు కూలిన బాధని కూతురికి పెద్దయ్యాక తెలిసింది. తర్వాత ఆ తల్లే లేచి పిల్లలకు చదువు చెప్పింది, లండన్ నుంచి పుస్తకాల పార్సిళ్లు తెప్పించింది. ఆ పార్సిళ్లు లేకపోతే రచయిత్రి లేదు.

2008లో వచ్చిన చివరి పుస్తకం ‘ఆల్ఫ్రెడ్ అండ్ ఎమిలీ’లో లెస్సింగ్ ఒక పని చేసింది. యుద్ధమే రాకుంటే అమ్మానాన్నలకు ఎలాంటి జీవితం దక్కేదో ఊహించి రాసింది. అందులో వాళ్లిద్దరూ ఒకరినొకరు పెళ్లి చేసుకోరు. అంటే తను పుట్టదు. 88 ఏళ్ల కూతురు తల్లికి ఇచ్చిన బహుమతి అది. మా అత్తయ్యకు ఇది చెప్పాక పుస్తకం మళ్లీ తెరిచింది.

## బడి, ఇల్లు వదలడం

చదువు మానేసి నోబెల్ దాకా ఎలా వెళ్లింది?

సాలిస్‌బరీలో డొమినికన్ కాన్వెంటులో చిన్నప్పుడే హాస్టల్‌లో వేశారు. నన్‌ల భయం, ఇంటి మీద బెంగ. తర్వాత ఇంకో బడిలో ఏడాది. 14 ఏళ్లు నిండే లోపు కళ్లకలక వచ్చి ఇంటికొచ్చింది, తగ్గినా తిరిగి వెళ్లలేదు. ఇంట్లో డికెన్స్, కిప్లింగ్, తర్వాత టాల్‌స్టాయ్, దోస్తోయెవ్‌స్కీ. 15 ఏళ్లకు ఇల్లు వదిలి సాలిస్‌బరీలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో చేరింది. రెండు నవలలు రాసి చింపేసింది. 1937లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్.

బడికి వెళ్లకపోయినా పైకి రావచ్చని మన పిల్లలకు చెప్పడానికి మాత్రం ఈ కథ వాడకండి. ఆ గుట్ట కింద ఉన్న కూలీల పిల్లలకు బడీ లేదు, పుస్తకాల పార్సిలూ లేదు.

## పెళ్లిళ్లు, పిల్లలు, పార్టీ

ఇద్దరు పిల్లల్ని వదిలేసి వెళ్లిపోయిందా? ఎలా మనసొప్పింది?

వదిలేసింది. 19 ఏళ్లకు ఫ్రాంక్ విజ్డమ్ అనే ప్రభుత్వ ఉద్యోగిని పెళ్లాడింది. ఒక కొడుకు, ఒక కూతురు. 1943లో విడాకులు. పిల్లలు తండ్రి దగ్గర ఉండిపోయారు. 1949లో లండన్ వెళ్లేటప్పుడు రెండో పెళ్లిలో పుట్టిన కొడుకును మాత్రం వెంట తీసుకెళ్లింది.

ఆమె చెప్పే కారణాలు ఇవి. టీ పార్టీలు, క్లబ్బు, నౌకర్ల మీద ఫిర్యాదులు, ఆ తెల్ల గృహిణి జీవితంలో ఉంటే పిచ్చెక్కడమో తాగుడో ఖాయమనిపించింది. తల్లిదండ్రుల నుంచి తనకొచ్చిన విషాదం పిల్లలకు అంటుకుంటుందని భయపడింది. జాతి ద్వేషం లేని మంచి ప్రపంచం కట్టబోతున్నానని, అందుకే వెళ్తున్నానని పాకే వయసు పిల్లలకు వివరించిందట. ఇది రాస్తున్నప్పుడు ఆ 23 ఏళ్ల అమ్మాయి మీద జాలీ, వెటకారమూ రెండూ కనిపిస్తాయి.

మా బృందంలో మగవాళ్లకే ఎక్కువ కోపం వచ్చింది. పిల్లల్ని వదిలి దేశాంతరం వెళ్లిన మగ మహానుభావుల ఆత్మకథలు అప్పటికే నాలుగు చదివాం, అప్పుడు ఎవరూ నోరెత్తలేదు. అలాగని నేను ఆమెను వెనకేసుకు రావడం లేదు. వదిలివెళ్లిన పిల్లల వైపు నుంచి ఈ పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు.

రెండో పెళ్లి ప్రేమ వివాహమేనా?

కాదు. గాట్‌ఫ్రీడ్ లెస్సింగ్ జర్మనీ నుంచి వచ్చిన శరణార్థి, కమ్యూనిస్టు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శత్రుదేశస్థుడు. ఆ పెళ్లి అతనికి రక్షణ. యుద్ధం అయ్యాక విడిపోదామని ముందే అనుకున్నారు, 1949లో విడిపోయారు. అతను తూర్పు జర్మనీ వెళ్లి దౌత్యవేత్త అయ్యాడు. 1979లో ఉగాండా నియంత ఈదీ అమీన్ కూలిపోతున్న రోజుల్లో ఆ దేశ రాజధాని కంపాలాలో అతన్ని చంపేశారు. ఇంటిపేరు మాత్రం ఆమె పుస్తకాల అట్టల మీద ఉండిపోయింది.

సాలిస్‌బరీలో లెస్సింగ్ తిరిగిన కమ్యూనిస్టు గ్రూపులో ఆఫ్రికన్లు ఉన్నారా?

లేనట్టే. యూరప్ శరణార్థులు, శిక్షణకు వచ్చిన బ్రిటిష్ వైమానిక దళం కుర్రాళ్లు, కొద్దిమంది స్థానిక తెల్లవాళ్లు. రాత్రంతా విప్లవం గురించి మాట్లాడుకునేవారు. ఎవరి కోసం ఆ విప్లవమో వాళ్లతో కూర్చుని మాట్లాడటం దాదాపు అసాధ్యం. ఈ అధ్యాయాలు ఆవిడ నవ్వుతూ రాసింది, చదవడానికి సరదాగా ఉంటాయి.

## చదవడం అయ్యాక

ఇదంతా నిజమని ఎలా నమ్మాలి?

నమ్మమని ఆమె కూడా అనదు. తన జీవిత చరిత్రలు వేరేవాళ్లు రాస్తున్నారని తెలిసి ఆత్మరక్షణ కోసం రాస్తున్నానని మొదట్లోనే చెప్పేసింది. ఇదే కథ 30 ఏళ్లప్పుడు రాస్తే తగాదాగా ఉండేదని, ఇప్పుడు చూపు వేరని అంటుంది. సత్యం చెప్పడంలో నవలదే పైచేయి అని కూడా ఒప్పుకుంది. చెప్పని సంగతులున్నాయని దాపరికం లేకుండా చెబుతుంది.

తర్వాత ఎప్పుడైనా అక్కడికి తిరిగి వెళ్లిందా?

1956లో ఒకసారి వెళ్లింది, ఆ ప్రయాణం గురించి పుస్తకం రాసింది. ఆ తర్వాత దక్షిణ రొడీషియా, దక్షిణాఫ్రికా రెండూ ఆమెను అడుగు పెట్టనివ్వలేదు. 1980లో జింబాబ్వేగా స్వాతంత్ర్యం వచ్చాక 1982లో మళ్లీ వెళ్లగలిగింది. 2013లో మరణించాక, ఆమె ఇంట్లో దాచుకున్న పుస్తకాల్లో 3,000కు పైగా హరారే గ్రంథాలయానికి చేరాయి.

తెల్ల రైతుల భూములు జింబాబ్వే పాలకుడు ముగాబే లాక్కున్నాడు కదా, దాని గురించి ఏమందో ఇందులో లేదే?

ఉండదు. ఇది 1994 పుస్తకం, ఆ భూస్వాధీనాలు 2000లో మొదలయ్యాయి. తర్వాత రాసిన వ్యాసంలో ముగాబేను తీవ్రంగా విమర్శించింది, దేశాన్ని నాశనం చేశాడంది. తెల్లవాళ్ల పాలనను వ్యతిరేకించిన మనిషి కదా, ఇతన్ని మెచ్చుకోవాలిగా అని కొందరు అడుగుతారు. ఒకరిని కాదన్నంత మాత్రాన ఇంకొకరికి జై కొట్టాలని ఎక్కడుంది?

రెండో భాగం ఉందట. మూడోది?

రెండోది 1997 నాటి ‘వాకింగ్ ఇన్ ద షేడ్’, 1949 నుంచి 1962 దాకా లండన్ జీవితం. మూడోది రాయలేదు. బతికున్నవాళ్లను నొప్పించడం ఇష్టం లేదని చెప్పి, దాని బదులు 2001లో ‘ద స్వీటెస్ట్ డ్రీమ్’ అనే నవల ఇచ్చింది. రెండో భాగం నాకు మొదటిదంత పట్టలేదు. లండన్‌లో గుట్ట లేదు, వాన లేదు.

అవతలి వైపు కథ, ఆ కూలీల ఇళ్లలోంచి రాసింది ఏదైనా ఉందా?

ఉంది, తప్పక చదవండి. సిట్సీ డాంగరెంబ్గా 1988 నవల ‘నర్వస్ కండిషన్స్’లో 1960ల రొడీషియాలో ఒక షోనా ఆడపిల్ల బడికి వెళ్లడం కోసం సొంతంగా మొక్కజొన్న పండించి అమ్ముకుంటుంది. అదే మొక్కజొన్న, అదే దేశం. లారెన్స్ వాంబె రాసిన ‘యాన్ ఇల్-ఫేటెడ్ పీపుల్’ 1972 నాటిది. రోడ్స్ కంపెనీ రాకముందు, వచ్చాక తన షోనా ప్రజల బతుకేమైందో చెప్పే పుస్తకం. పాతది, దొరకడం కాస్త కష్టం. దానికి ముందుమాట రాసింది డోరిస్ లెస్సింగే.